అబ్బా చేతక్ మళ్లీ రోడ్డెక్కాలంటే.. ముందు ఇంజిన్ కాదు, కాగితాలు చూడండి

మెట్ల కింద ఒక పాత స్కూటర్. మీద చిరిగిన టార్పాలిన్, సీటు నిండా దుమ్ము, టైర్లలో గాలి లేదు. ఏటా రంజాన్ ముందు ఇల్లు శుభ్రం చేసేటప్పుడు దాని మాట వస్తుంది. 'కబాడీకి ఇచ్చేద్దామా?' అని ఒకరంటారు. 'మీ అబ్బా బండి అది, ఉండనీయండి' అంటుంది అమ్మీ. మళ్లీ టార్పాలిన్ కప్పేస్తారు. ఇంకో ఏడాది గడిచిపోతుంది.

హైదరాబాద్ పాతబస్తీలోనైనా, గుంటూరు, కర్నూలు గల్లీల్లోనైనా చాలా ఇళ్లలో ఆ బండి బజాజ్ చేతకే. ముందు నిలబడ్డ చిన్నోడు, వెనక పక్కకు కూర్చున్న అమ్మీ, ఆమె ఒళ్లో చంటిది. ఇల్లంతా ఈద్‌కు బయల్దేరింది దాని మీదే. ఇప్పుడు కొత్త స్కూటర్ కొనాలంటే లక్షకు అటూ ఇటూ అవుతుంది. నెల నెలా కిస్తీ కట్టడం కష్టమైన ఇళ్లకు ఈ పాత బండి మళ్లీ గుర్తొస్తోంది. ట్యూషన్‌కు పిల్లల్ని దింపడానికి, దుకాణానికి సరుకు తేవడానికి ఏదో ఒక బండి ఉంటే చాలు కదా అన్న ఆలోచన అది.

ఆలోచన మంచిదే. కానీ ఇలాంటి బండ్ల మీద డబ్బు పోయేది ఎక్కువగా పనులు చేయించే వరుస తప్పడం వల్ల. ముందు రంగు వేయిస్తారు, తర్వాత ఇంజిన్ విప్పిస్తారు, అంతా అయ్యాక ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తారు. అక్కడ కట్టాల్సిన సొమ్ము విని తల పట్టుకుంటారు. తక్కువ ఖర్చులో పని అవ్వాలంటే ఈ వరుసను తిరగేయాలి.

బండి ఏ రకమో ముందు తెలుసుకోండి

బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టారు. స్కూటర్ల తయారీ ఆపేస్తున్నట్టు కంపెనీ 2009లో ప్రకటించింది. ఆ తర్వాత అదే పేరుతో వచ్చిన చేతక్ కరెంటు బండి. పేరు తప్ప పాతదానికీ దానికీ పోలిక లేదు. అందుకే కొత్త షోరూంకు వెళ్లి పాత చేతక్ సామాను అడిగితే లాభం ఉండదు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాను దుకాణాల్లో వెతుక్కోవాలి.

పాత చేతక్‌లలో ఎక్కువ శాతం టూ స్ట్రోక్ బండ్లు. వీటికి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. ఆ తర్వాత ఫోర్ స్ట్రోక్ స్కూటర్లు కూడా వచ్చాయి. వాటికి ఆయిల్ వేరే చోట ఉంటుంది, పెట్రోల్‌లో కలపకూడదు. మీ బండి ఏదో తేలకపోతే మెకానిక్‌కు చూపించాకే పెట్రోల్ పోయండి.

కాగితాల లెక్క ముందే తేలాలి

'15 ఏళ్లు దాటితే బండి తుక్కే' అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. పాత పెట్రోల్ బండ్ల మీద అలాంటి నిషేధం ఉన్నది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతంలో. తెలుగు రాష్ట్రాల్లో సొంత బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని చూపించి, పాసైతే ఒక్కోసారి 5 ఏళ్లకు ఇస్తారు. ఫీజుతో పాటు గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి.

అసలు చిక్కు ఆలస్య రుసుముతో వస్తుంది. గడువు దాటిన నెలలను లెక్కపెట్టి అది వేస్తారు. పదేళ్లుగా మూలన పడ్డ బండికి ఇంజిన్ పని కంటే ఇదే పెద్ద ఖర్చు కావచ్చు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు ఆర్‌సీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. బండి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కి ఉన్నాయో లేదో కూడా అడగండి. ఎక్కకపోతే ముందు ఆ పని చేయించుకోవాలి. ఆర్‌సీ పోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో నకలు తీసుకోవాలి.

బండి యజమాని చనిపోయి ఉంటే ఇంకో మెట్టు ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 50 దీని గురించే చెబుతుంది. బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్ అడుగుతారు. గడువు ఎప్పుడో దాటిపోయిందని ఊరుకోవద్దు. ఆలస్యంగానైనా పేరు మార్చకుండా బండి తిప్పితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది.

అఫిడవిట్ మీద సంతకాలు తీసుకునే ముందు ఇంట్లో అందరూ ఒకసారి కూర్చోవడం మంచిది. అబ్బా వదిలి వెళ్లిన స్కూటర్ చిన్నదే కావచ్చు, అయినా అది విరాసత్‌లో భాగమే. ఆర్‌సీ పెద్ద కొడుకు పేరు మీదకు మారినంత మాత్రాన అమ్మీ వాటా, అక్కచెల్లెళ్ల వాటా పోవు. 'బండి నువ్వు వాడుకో' అని వాళ్లు మనసారా చెప్పడం వేరు, అడగకుండా సంతకం పెట్టించుకోవడం వేరు.

ఖర్చుకు గీత గీయండి

ఆర్టీఏ లెక్క తేలాక ఒక నోట్‌బుక్ తీసి, ఈ బండి మీద మొత్తం ఎంత పెట్టగలరో పైన రాయండి. ఉదాహరణకు 12,000 అనుకుందాం. అందులో కాగితాలకు, ఇన్సూరెన్స్‌కు 4,000. బ్రేకులు, టైర్లు, కేబుళ్లకు 4,000. ఇంజిన్ పలికించడానికి 3,000. మిగిలిన 1,000 ముట్టుకోకూడదు, అనుకోనిది ఏదో ఒకటి వస్తుంది. ఈ అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికే, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. కాగితాల గడిలోనే సొమ్మంతా అయిపోయేలా ఉంటే అక్కడే ఆగి ఆలోచించండి.

రంగు, క్రోమ్, కొత్త సీటు కవర్ ఈ లెక్కలోకి రావు. అవి బండి ఆరు నెలలు నడిచాక చూసుకునే ముచ్చట్లు. రంగు మార్చితే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఉన్న చోట గీకడం, మందంగా పెయింట్ కొట్టడం అసలు వద్దు. ఆర్టీఏ వాళ్లు ఆ నంబర్లే చూస్తారు.

ఇంట్లో చేసుకునే మూడు పరీక్షలు

మొదటిది, ఇంజిన్ తిరుగుతుందా? ఏళ్ల తరబడి ఆగిన బండి కిక్ మీద ఎక్కి తొక్కకండి. ముందు ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక మూడో గేర్‌లో పెట్టి బండిని మెల్లగా ముందుకూ వెనక్కూ నెట్టండి. తిరిగితే సగం గండం గట్టెక్కినట్టే. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా మెకానిక్‌కు వదిలేయండి.

రెండోది, నిప్పురవ్వ వస్తుందా? ప్లగ్‌ను దాని టోపీలో పెట్టి, ప్లగ్ లోహం ఇంజిన్ హెడ్‌కు తాకేలా ఆనించి కిక్ కొట్టాలి. నీలంగా, గట్టిగా రవ్వ రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే కొత్త ప్లగ్‌తో మళ్లీ చూడండి. అన్నిటికంటే చవక మరమ్మతు ఇదే. అప్పటికీ రాకపోతే పాత మోడళ్లలో ప్లాటినం పాయింట్లు, కండెన్సర్ చూడాలి. తర్వాతి మోడళ్లలో సీడీఐ, కాయిల్ చూడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు, ట్యాంకు మూత తెరిచి ఉండకూడదు.

మూడోది, పెట్రోల్ సరిగా వస్తుందా? ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్ మొత్తం తీసేయాలి. నిల్వ పెట్రోల్ బంకలా మారి కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. కాబట్టి పెట్రోల్ పైపు, కార్బురేటర్ వాషర్లు కొత్తవి వేయించండి. చిన్న ఖర్చే. జెట్ల రంధ్రాల్లో కుట్టు సూది పెట్టి పొడవకండి. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోల్ తాగేస్తుంది. పంక్చర్ దుకాణంలో గాలి కొట్టిస్తే సరిపోతుంది.

బండి మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే కావాలి. మెట్ల కిందా, మూసిన వరండాలో వద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఆయిల్ లెక్క తప్పితే ఇంజిన్ పోతుంది

టూ స్ట్రోక్ చేతక్‌కు లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. అంటే 5 లీటర్లకు 100. ఆయిల్ మిగులుద్దామని తగ్గిస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువ పోస్తే పొగ పెరుగుతుంది, ప్లగ్ తడిసిపోతుంది, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది. పాత రోజుల్లో బంకులో ఆయిల్ కలిపి పోసేవారు. ఇప్పుడు ఒక చిన్న కొలత సీసా బండి డిక్కీలో పెట్టుకోవడమే దారి.

స్టార్ట్ అయ్యాక మొదట్లో పొగ రావడం మామూలే, పాత ఆయిల్ మండుతుంది. రోజులు గడిచినా తెల్లపొగ దట్టంగా వస్తూ, గేర్ ఆయిల్ తగ్గుతుంటే క్రాంక్ ఆయిల్ సీల్ పోయినట్టు. యాక్సిలరేటర్ ముట్టకుండానే ఇంజిన్ అరుస్తుంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. వెంటనే ఆపేయండి. ఆ గాలితో ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది.

మెకానిక్‌తో మాట్లాడే తీరు

'మొత్తం చేసి ఇవ్వు భాయ్' అన్న ఒక్క మాటతో బడ్జెట్ చేయి దాటిపోతుంది. ఒక్కో పనీ విడిగా చెప్పి, ధర ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. తీసేసిన పాత సామాను తిరిగి ఇమ్మనండి. 'బోర్ వేయాలి' అంటే ఎందుకో చూపించమనండి. బోర్ అంటే సిలిండర్‌ను లేత్ మీద సాపు చేయించి, కాస్త పెద్ద పిస్టన్ వేయడం. కిక్ కొట్టినప్పుడు కాలికి గట్టిగా అడ్డు తగులుతుంటే కంప్రెషన్ ఉన్నట్టే. అలాంటప్పుడు ఆ పని వాయిదా వేసుకోవచ్చు.

జుమేరాత్ బజార్ లాంటి సెకండ్ హ్యాండ్ సంతల్లో అద్దాలు, లివర్లు, డిక్కీ మూతలు కొనుక్కోవచ్చు. ఇంజిన్ మాత్రం వద్దు. దాని మీది నంబర్ మీ ఆర్‌సీతో కలవదు. అది దొంగ సరుకైతే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

నడవడం కంటే ఆగడం ముఖ్యం

ఇంజిన్ పలికిన సంతోషంలో బండిని వెంటనే రోడ్డు మీదకు తీస్తారు. ప్రమాదం జరిగేది అప్పుడే. బ్రేక్ షూలు ఎండి గట్టిపడి ఉంటాయి. బ్రేక్, క్లచ్, గేర్, యాక్సిలరేటర్ కేబుళ్లు లోపల తుప్పుపట్టి ఉంటాయి. ఇవన్నీ మార్చకుండా గల్లీ దాటకండి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 1409 అని ఉంటే అది 2009లో 14వ వారంలో తయారైందని. గుండీలు బాగున్నా అంత పాత రబ్బరును నమ్మకూడదు. చేతక్ చక్రం రెండు రేకులను నట్లతో బిగించినది. ట్యూబులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రేకు ఎగిరి మొహానికి తగులుతుంది. పిల్లలతో ఈ పని చేయించకండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అంతకంటే పెద్ద భారం ఇంకొకటి ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇంటి మీదే పడుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. పాత బండికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి.

వదిలేయాల్సిన బండి ఏది?

కాళ్లు పెట్టే ఫ్లోర్ కింద రేకు తుప్పుతో చిల్లులు పడితే, గీసుకున్న గీత కంటే కాగితాల ఖర్చే ఎక్కువైతే వదిలేయడమే తెలివి. అప్పుడు కూడా ఊరికే కబాడీకి తోసేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి రసీదు తీసుకుని, ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేకపోతే రేపు ఆ నంబర్‌తో ఎవరు ఏం చేసినా పోలీసులు వచ్చేది మీ గడపకే.

లెక్క కుదిరిన ఇంట్లో మాత్రం టార్పాలిన్ తీయొచ్చు. మొదటి రోజు చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. బీరువాలో అబ్బా దాచిన కాగితాల సంచి తీసి, ఆర్‌సీ మీద గడువు తేదీ ఎప్పటిదో చదవండి. మిగతా పనులన్నీ ఆ తేదీ చూశాకే.