పొద్దు పోనివ్వకండి: పశువు కడుపు ఆపరేషన్‌పై అపోహలు – వాస్తవాలు

రాత్రి మేత ముట్టని గిత్త, తెల్లారేసరికి ఎడమ డొక్క డప్పులా బిగిసి మెడ చాచి మూలుగుతుంటే ఆ ఇంట పొయ్యి వెలగదు. పొదిలి చుట్టుపక్కల మెట్టపల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడాది బీళ్లలో పచ్చిక మిగలదు. గొడ్లు ఊరి చివర చెత్తకుప్పల్లో మూతి పెడతాయి. అన్నం వాసన తగిలిన క్యారీబ్యాగుల్ని ముడితో సహా మింగేస్తాయి. అవి పేరుకుని పేరుకుని ఒకనాడు “కడుపు కోయాలి” అనే మాట డాక్టరు నోట వినాల్సి వస్తుంది. ఆ గడియలో మనల్ని తప్పుదారి పట్టించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. పశువు బాగున్నప్పుడే వాటి సంగతి తేల్చుకోవాలి.

అపోహ: వాతలు పెడితే ఉబ్బు దిగుతుంది. గొట్టంతో నూనె పోస్తే చాలు.

వాస్తవం: వాత చర్మాన్ని కాలుస్తుంది. లోపలి గాలికీ, చుట్టుకున్న ప్లాస్టిక్కుకూ దాని సెగ తగలదు. నురుగు ఉబ్బరానికి వంటనూనె పనిచేసే మాట నిజమే. కానీ నాలుక బయటికి లాగి, తల పైకెత్తి పోస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అప్పుడు ఒక జబ్బు రెండవుతుంది. ఉబ్బు ముదిరితే పశువుకు ఊపిరాడదు, కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. నలుగురి సలహాలూ అడుగుతూ కూర్చోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులు ఉన్నాయి.

అపోహ: మింగినది ఏదైనా పేడలో పోతుంది.

వాస్తవం: ఆవు, ఎద్దు, బర్రె ముందు మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తాయి. వాటి కడుపులో నాలుగు అరలు. అన్నిటికన్నా పెద్దది వంద లీటర్లకు పైగా పట్టే తొట్టి లాంటిది. అందులో పడిన ప్లాస్టిక్ అరగదు, నెమరుకు రాదు, ముందుకూ పోదు. తాడులా మెలిపడి పెరుగుతూ ఉంటుంది. మేతలో వెళ్లిన తీగముక్క, మేకు తేనెపట్టు లాంటి రెండో అరలో దిగుతాయి. ఆ అరకూ గుండెకూ మధ్య ఉన్నది పలుచని కండర పొర ఒక్కటే. తీగ దాన్ని పొడిస్తే గుండె దాకా చేరుతుంది. పశువు వీపు వంచి, మోచేతులు బయటికి పెట్టి నిలబడినా, పల్లానికి నడవడానికి మొరాయించినా డాక్టరుకు చూపించండి.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంక్షేమ సంస్థ ప్లాస్టిక్ మింగిన ఆవులకు ఆపరేషన్లు చేయించి, కడుపుల్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీయించింది. 2012లో ఈ సమస్యతో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ‘ది ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీ ఆ బాధను దేశానికి చూపింది.

అపోహ: మత్తిచ్చి పడుకోబెడితే ఇక లేవదు.

వాస్తవం: ఈ ఆపరేషన్‌ను సాధారణంగా పశువును నిలబెట్టే చేస్తారు. ఎడమ డొక్క దగ్గర మాత్రమే తిమ్మిరి సూది వేస్తారు. పశువుకు స్పృహ ఉంటుంది, కోత నొప్పి తెలియదు. యజమాని తల దగ్గర నిలబడి గంగడోలు నిమురుతూ ఉంటే కుదురుగా ఉంటుంది. ఈ భయం గుర్రాల విషయంలో అయితే కొంత నిజం. పేగు మెలిపడితే గుర్రాన్ని పూర్తి మత్తులో వెల్లకిలా పడుకోబెట్టి కడుపు తెరవాలి. మత్తు దిగి లేచేటప్పుడు తూలి కాళ్లు విరగ్గొట్టుకునే ప్రమాదమూ ఉంది. మన గిత్తకు ఆ గండం లేదు.

అపోహ: కడుపు కోసిన ఎద్దు కాడికి పనికిరాదు, బర్రె పాలివ్వదు.

వాస్తవం: కోత పడేది డొక్క మీదా, పొట్ట గోడ మీదా. పొదుగునూ గర్భసంచినీ తాకరు. సకాలంలో చేయించి, పుండు మానేదాకా ఓపిక పడితే చాలా పశువులు మళ్లీ మామూలవుతాయి. ఎద్దును ఎప్పుడు కాడికి కట్టాలో డాక్టరు చెప్పాలి, తొందరపడితే కుట్లు విడిపోతాయి. మందులు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజుల దాకా ఆ పాలు తాగకూడదు, అమ్మకూడదు.

అపోహ: నీరసించింది కాబట్టి దండిగా దాణా పెట్టాలి.

వాస్తవం: కుట్లు పడిన పొట్టకు బరువు మేత శత్రువు. లేత పచ్చిగడ్డి గుప్పెడు గుప్పెడుగా, నీళ్లు డాక్టరు చెప్పిన కొలతలో ఇవ్వండి. పొడి నేల మీద, మిగతా గొడ్లకు దూరంగా కట్టేయండి. ఈగలు వాలితే పుండులో పురుగు పడుతుంది. రోజూ జ్వరం చూడండి. 103 డిగ్రీలు దాటినా, పుండు కారినా ఆలస్యం వద్దు. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు.

అపోహ: గొడ్డు కోసం ఏడవడం ఏమిటి?

వాస్తవం: కనుమనాడు పసుపు కుంకుమలు పెట్టి మొక్కిన మూగజీవి అది. దాని నొప్పికి మన గుండె బరువెక్కడం చిన్నతనం కాదు. రాత్రి కాపలా ఒక్కరే మోయకుండా వంతులు వేసుకోండి. పిల్లలకు నిజం చెప్పండి. అన్నీ చేసినా కొన్ని ప్రాణాలు దక్కవు. అప్పుడు ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకండి.

దక్కిన రోజున మాత్రం చావిట్లోకి వెళ్లి, కుట్లకు దూరంగా ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న పొట్ట నిమిషానికి ఒకటి రెండు సార్లు అలలా లేచి చేతిని నెడుతుంది. కాసేపటికి గొంతులోకి ఒక ముద్ద ఎగదన్ని, దవడ మెల్లగా ఆడటం మొదలవుతుంది. అది నెమరు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించవచ్చు.