నాలుగు లీటర్ల వాన: పిల్లలు కట్టే నమూనా నగరంలో సైన్స్

థర్మాకోల్ మేడలు, నల్ల కాగితం రోడ్లు, రంగు పూసిన రంపపుపొట్టుతో పార్కులు... ఇలాంటి నమూనా నగరాలు పాఠశాల సైన్స్ ప్రదర్శనల్లో తరచూ కనిపిస్తాయి. చూడటానికి బాగుంటాయి కూడా. కానీ అక్కడ వాన పడితే నీళ్లు ఎటు పోతాయన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్న వేసిన క్షణం నుంచి నమూనా నగరం అలంకార వస్తువుగా మిగిలిపోదు, ప్రయోగశాల అవుతుంది.

ఒక్కొక్కరికి ఒక్కో స్థలం

పిల్లల చేత నగరాలు కట్టించడాన్ని ఒక బోధన పద్ధతిగా మలిచినవారిలో అమెరికా ఉపాధ్యాయురాలు డోరీన్ నెల్సన్ ముఖ్యులు. 1960ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో ఆమె ఈ ప్రయత్నం మొదలుపెట్టారు. ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ ఆమె సోదరుడు. 1970ల ఆరంభంలో ఆయన కూడా తరగతి గదిలో ఆమెతో కలిసి పనిచేశారు. ఆ అనుభవాన్ని ‘కిడ్ సిటీ’ అనే డాక్యుమెంటరీ చిత్రంగా తీశారు.

ఈ పద్ధతిలో నగర స్థలాన్ని ముక్కలుగా విడదీసి పిల్లలకు పంచుతారు. పాఠం చెప్పకముందే పిల్లలు తమ ఆలోచనతో నిర్మాణం చేస్తారు. పుస్తకాల్లోని సమాచారం ఆ తర్వాత వస్తుంది. ముక్కలన్నీ ఒకచోట చేర్చినప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. ఒకరి రోడ్డు పక్కవారి గోడ దగ్గర ఆగిపోవచ్చు. ఒకరి మురుగు మరొకరి ముంగిట్లోకి రావచ్చు. విడివిడిగా చూస్తే ఏ స్థలంలోనూ తప్పు కనిపించదు. లోపం ఉన్నది రెండు స్థలాలు కలిసే చోట.

వానను బకెట్‌లో కొలవడం

దీన్ని లెక్కతో చూద్దాం. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న బల్ల మీద 1:100 స్కేలులో నగరం కట్టారనుకుందాం. అది 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతానికి, అంటే నాలుగు హెక్టార్లకు (సుమారు పదెకరాలకు) నమూనా. అర సెంటీమీటరు మందమున్న అట్టలను ఒకదానిపై ఒకటి పేర్చితే ఒక్కో పొర అర మీటరు ఎత్తును సూచిస్తుంది. మిట్టపల్లాలు ఇలా సిద్ధమవుతాయి. తడవకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పాలి.

పదెకరాల మీద పది సెంటీమీటర్ల వాన కురిస్తే పడే నీరు 40 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు 400 కావాలి. పొడవు వంద రెట్లు తగ్గితే ఘనపరిమాణం పది లక్షల రెట్లు తగ్గుతుంది. కాబట్టి బల్ల మీద పోయాల్సిన నీరు నాలుగు లీటర్లే. గురుత్వాకర్షణ వల్ల జరిగే ప్రవాహాల్లో కాలం పొడవుకు వర్గమూలం లెక్కన మారుతుంది. వందకు వర్గమూలం పది. అందువల్ల గంటసేపు కురిసిన వానను ఆరు నిమిషాల్లో పోయాలి.

పార్కుల స్థానంలో స్పాంజి ముక్కలు పరిచి ఒకసారి, తీసేసి మరోసారి నీళ్లు పోసి చూడాలి. పల్లంలోకి చేరిన నీటిని కొలపాత్రలో కొలిస్తే, నేలంతా కాంక్రీటు అయినప్పుడు ఏం జరుగుతుందో పిల్లలకు అంకెల్లో తెలుస్తుంది.

నమూనా చెప్పనివి

అయితే చిన్న నమూనా అన్ని విషయాల్లోనూ నిజం చెప్పదు. తలతన్యత స్కేలుతో పాటు తగ్గదు. అందుకే సన్నటి కాలువల్లో నీరు బొట్లుగా అతుక్కుపోతుంది. నీరు ఎక్కడ చేరుతుందో నమూనా చూపగలదు కానీ, ప్రవాహ వేగం విషయంలో దాన్ని పూర్తిగా నమ్మలేం.

వంతెనలదీ అదే కథ. కొలతలన్నీ వంద రెట్లు పెంచితే బరువు పది లక్షల రెట్లు పెరుగుతుంది. ఆ బరువును మోసే అడ్డుకోత వైశాల్యం మాత్రం పదివేల రెట్లే పెరుగుతుంది. అట్టతో నిలిచిన వంతెన అదే ఆకారంలో, అదే పదార్థంతో నిజ పరిమాణంలో నిలవకపోవచ్చు. పెద్ద జంతువుల ఎముకలు ఎందుకు మరింత లావుగా ఉండాలో గెలీలియో 1638లోనే ఈ తర్కంతో వివరించాడు.

పల్లంలో ఉన్నవారి మాట

నీళ్లు పోశాక పల్లంలోని ఇల్లు మునుగుతుంది. ఆ ఇంటి యజమాని చేసిన తప్పేమీ లేదు. కాలువ వెడల్పు చేయాలన్నా, గుంట తవ్వాలన్నా పైనున్నవారు కొంత స్థలం వదులుకోవాలి. ఎవరు, ఎంత వదలాలి? దీనికి సూత్రం లేదు. పిల్లలు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

పెద్దల నగరాలూ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన పరిష్కారం నగరానికి ఎగువన వరదను ఆపే జలాశయాలు. అలా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. దిగువ ప్రాంతం మునగకుండా ఎగువన నీటికి చోటిచ్చారన్నమాట.

నమూనాలో ఆ చోటు ఒక స్పాంజి ముక్కంతే ఉండొచ్చు. దాన్ని తన స్థలంలో పెట్టుకోవడానికి ఒప్పుకున్న పిల్లవాడికి, తన ఇంటి మీద పడ్డ వాన తన గేటు దగ్గరే ఆగిపోదని తెలిసినట్టే. వచ్చే వానాకాలంలో తన వీధిలో నీళ్లు నిలిచినప్పుడు, అవి ఎటు నుంచి వచ్చాయో, ఎటు పోలేక ఆగాయో కూడా వెతుకుతాడు.