నల్లమలలో కృష్ణ లోయ - అక్కడి మనుషులు

అచ్చంపేట నుండి శ్రీశైలం బస్సెక్కినవారికి మన్ననూరు దగ్గరి అటవీశాఖ గేటు తెలిసినదే. రాత్రి 9 గంటలకు మూసి, తెల్లవారి 6 గంటలకు తీస్తారు. రాత్రివేళ అడవి జంతువులు నిర్భయంగా రోడ్డు దాటడానికి చేసిన ఏర్పాటది. గేటు దాటాక చాలామందిమి కిటికీలోనుండి కోతులను చూచి సరిపెట్టుకుంటాము. ఆ చెట్ల వెనుక ఎంత లోతైన లోయ ఉన్నదో దోమలపెంట దగ్గర బస్సు మలుపు తిరిగేదాకా మనకు తోచదు.

కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టి, మన ప్రాంతంలో విశాలమైన నేలమీద పారుతూ వచ్చి, ఆలంపురానికి దిగువన తుంగభద్రను కలుపుకొని, సోమశిల దాటాక నల్లమల కొండల్లో జొరబడుతుంది. ఆ కొండరాళ్లు నూరు కోట్ల సంవత్సరాలకు పైబడినవని శాస్త్రజ్ఞులు చెప్తారు. అంత గట్టి రాతిలో నది పక్కలకు జరుగలేక కిందికే కోసుకుంటూ పోయింది. అందుకే గట్లు గోడల్లాగ నిలువుగా ఉంటాయి. పైన వెదురు, ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్లు. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి ఆ చెట్ల నీడన బ్రతుకుతున్నాయి. నీళ్లలో మొసళ్లు కలవు.

ఇక మనుషుల సంగతి. ఈ లోయ అంచుల్లో తరతరాలుగా ఉన్నవారు చెంచులు. వారి గుడిసెల గుంపును పెంట అంటారు. గడ్డలు త్రవ్వుకోవడం, పండ్లు ఏరుకోవడం, వేటాడడం, తేనె తీయడం వారి పని. తేనె తీసే విధం వింటే మనకు ఒళ్లు జలదరిస్తుంది. పట్టులు బండ చరియల కింద వ్రేలాడుతుంటాయి. చరియ పైనుండి తాడు వేసి, పొగబెట్టుకుంటూ ఒక మనిషి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేవాడు అతని బావమరిది అయి ఉండాలట. తన అక్కచెల్లెలి కాపురం ఆ తాటికే వ్రేలాడుతున్నదని ఎరిగినవాడు గనుక చెయ్యి వదలడు. ఇంతకంటె మంచి జామీను ఏ కోర్టు అడుగగలదు?

1940లో ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెండార్ఫ్ గారు భార్యతో కూడ వచ్చి ఈ చెంచుల నడుమ ఉండి, వారి జీవితాన్ని గురించి వ్రాసిన గ్రంథం 1943లో అచ్చయింది. ఆయన మాటను నిజాం ప్రభుత్వం కొంతవరకు విన్నది, చెంచుల కొరకు అమ్రాబాద్ పీఠభూమిలో కొంత అడవిని ప్రత్యేకించింది. అంతకు ముందే నిజాం దొరలు వేట కొరకు ఈ అడవిలో బంగళా కట్టించారు. పులిచెలమ అని జనం పిలిచిన చోటుకు ఫరహాబాద్ అని పేరు పడింది. సంతోషపురం అన్నమాట. ఎవరి సంతోషమో వేరే చెప్పనక్కర లేదు.

తరువాత లోయకు ఆనకట్ట వచ్చింది. 1963 జూలైలో నెహ్రూ గారు శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 885 అడుగుల మట్టం వరకు నీళ్లు నిలిచేటట్లు కట్టారు. మన ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయంటే అందులో ఈ లోయ పాలు కూడ ఉన్నది, కాదనలేము. కాని కొల్లాపూర్ వైపున, అవతల కర్నూలు వైపున కలిపి సుమారు నూరు గ్రామాలు మునిగాయి. 1981 ఎండాకాలంలో ఇండ్లు కూల్చి జనాన్ని తరలించారు. సోమశిల, జటప్రోలు ప్రాంతాల గుడులనైతే రాయి రాయికి గుర్తుపెట్టి విప్పి, మరొక చోట తిరిగి నిలబెట్టారు. మనుషులకు అంత శ్రద్ధగా గుర్తులు పెట్టినవారెవరు? ఇంటికొక ఉద్యోగమని 1986లో 98వ నెంబరు జీవో వచ్చింది. దానిని చేతబట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగి ముసలివారైనవారు మన సంఘాల్లోనే ఉన్నారు.

లోయ రాతిని తొలిచే పని ఇంకా ఆగలేదు. కృష్ణ నీళ్లను నల్లగొండ వైపుకు తీసుకుపోవడానికి 40 కిలోమీటర్లకు పైగా తలపెట్టిన సొరంగంలో, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. అందరూ దూరపు రాష్ట్రాల నుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారు. వారాల తరబడి వెదికితే ఇద్దరి దేహాలు బయటికి వచ్చాయి. యురేనియం కొరకు కూడ ఈ కొండలను త్రవ్వాలన్న ఆలోచన లేచింది గాని, జనం గట్టిగా వద్దన్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

1978లో ఈ అడవి అభయారణ్యమైంది, 1983లో పులుల రక్షిత ప్రాంతమైంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగానికి అమ్రాబాద్ పేరు నిలిచింది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. పులికి చోటు కావాలన్నది నిజమే, పులి లేకపోతే ఈ అడవి ఎప్పుడో కట్టెల దుకాణమై ఉండేది. అయితే లోపలి పెంటల్లోని చెంచులను బయటికి రమ్మంటున్నారు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు గాని, ఆ విలువకు భూమి, ఇల్లు గాని ఇస్తామంటున్నారు. గ్రామసభ ఒప్పుకోనిదే కదిలించరాదని 2006 చట్టం చెప్తున్నది. ఆసుపత్రికి, బడికి దగ్గరవుతామని ఒప్పుకున్నవారున్నారు. తేనె, గడ్డలు లేని చోట ఏమి తిని బ్రతకాలని అడిగేవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోను నాకు తప్పు కనబడలేదు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఊరు ఆ నీళ్ల కిందనే ఉన్నది. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మనుమణ్ణి వెంటబెట్టుకొని వెళ్లి, బురదలో తేలిన బావిగట్టు మీద కాసేపు కూర్చుండి వస్తాడు. చెంచుల సంగతి చెప్పినప్పుడు ఆయన నన్ను ఒకటే అడిగాడు:

"అయ్యగారూ, ఆళ్లకు ముందుగాల భూమి చూపిస్తరా, కాయితమే ఇస్తరా?"