పాత జవాబులు – కొత్త కెర్నెల్

పిట్టలవానిపాలెంలోని ఒక ఇంటి చిరునామాను తీసుకోండి. ఒకప్పుడు అందులో తాలూకా పేరు రాసేవారు. 1985లో మండలాలు వచ్చాక దరఖాస్తుల్లో తాలూకా గడి పోయి మండలం గడి చేరింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. అంతవరకూ గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు కొత్త జిల్లాలోకి వచ్చింది. ఇల్లు మాత్రం అంగుళం కదలలేదు! పాత దరఖాస్తును ఎదురుగా పెట్టుకుని కొత్తది నింపేవారు ఏం చేస్తారు? మారనివి ఉన్నవి ఉన్నట్టు దించుకుంటారు. అక్కరలేని గడుల సంగతి వదిలేస్తారు. కొత్తగా అడిగినవాటికి మాత్రం ఆలోచించి జవాబు రాస్తారు. కంప్యూటరులో కెర్నెల్‌ను మార్చేటప్పుడు జరిగేదీ ఇదే.

కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పప్పు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి భాగానికి ఆ పేరు పెట్టారు. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో, ప్రాసెసరును ఎంతసేపు వాడుకోనివ్వాలో నిర్ణయించేది ఇదే. డిస్కుతో, కీబోర్డుతో మాట్లాడేదీ ఇదే. ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాయడం మొదలుపెట్టిన లినక్స్ ఇలాంటి కెర్నెలే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది అదే. హైదరాబాదులో తయారైన తెలుగు 'స్వేచ్ఛ' వ్యవస్థకూ అదే ఆధారం.

లినక్స్ మూలపాఠంలో వేల రకాల పరికరాలను నడిపే భాగాలున్నాయి. ఒక యంత్రానికి అన్నీ అక్కరలేదు. అందుకని కెర్నెల్‌ను తయారుచేసే ముందు ప్రతి భాగం గురించీ ఒక ప్రశ్న వస్తుంది. 'వై' అంటే కెర్నెల్‌లోనే కలిపెయ్యి అని అర్థం. 'ఎమ్' అంటే విడి మాడ్యూలుగా ఉంచు, అవసరమైనప్పుడు తెచ్చుకుంటాను అని. 'ఎన్' అంటే వద్దు అని. ఈ జవాబులన్నీ 'డాట్ కాన్ఫిగ్' అనే మామూలు అక్షరాల ఫైలులో వరుసగా ఉంటాయి.

ప్రశ్నలు వేలల్లో ఉంటాయి. కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి జవాబు చెప్పడం ఎవరి తరం? అందుకే పాత ఫైలును కొత్త మూలపాఠం ఉన్న చోటికి తెచ్చి 'మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్' అనే ఆజ్ఞ ఇస్తారు. అది పాత జవాబులు చదువుకుని, కొత్తగా చేరిన ప్రశ్నలను మాత్రమే అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే ముందే అనుకున్న జవాబును తీసుకుంటుంది. ప్రశ్నార్థకం కొడితే వివరణ చూపిస్తుంది. ఏదీ అడగకుండా కొత్తవాటన్నిటికీ ముందే అనుకున్న జవాబులే రాసెయ్యమనాలంటే 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' ఉంది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. పాత ఫైలులో ఒక పేరు కనిపించకపోతే దాన్ని వద్దన్నట్టా, అసలు అడగనట్టా? ఈ రెండూ ఒకటి కావు. కనుక వద్దన్న భాగానికి కూడా ఒక వరుస రాసిపెడతారు. ముందు హ్యాష్ గుర్తు, తరువాత ఆ పేరు, చివర 'ఈజ్ నాట్ సెట్' అన్న మాటలు. చూడడానికి అది వట్టి వ్యాఖ్యలా ఉంటుంది, కానీ చెత్త అనుకుని చెరిపితే అదే ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది.

అసలు చిక్కు పేర్లు మారినప్పుడు వస్తుంది. ఓల్డ్‌కాన్ఫిగ్ గుర్తుపట్టేది పేరునే, పనిని కాదు. 2006 నవంబరులో వెలువడిన 2.6.19 కెర్నెల్‌లో, సాటా హార్డ్ డిస్కులను నడిపే భాగాలను 'స్కజీ' విభాగం నుంచి తీసి 'ఏటీఏ' అనే సొంత విభాగంలో పెట్టారు. దాంతో వాటి పేర్లూ మారాయి. పాత ఫైలులో 'స్కజీ సాటా'కు వై అని ఉన్నా, ఆ పేరు కొత్త కెర్నెల్‌లో లేదు గనుక జవాబు రాలిపోయింది. 'ఏటీఏ' కొత్త ప్రశ్నగా వచ్చింది. చదవకుండా ఎంటర్ నొక్కితే వద్దన్నట్టే. తల్లి ప్రశ్నకు వద్దంటే దాని కింది పిల్ల ప్రశ్నలు రానే రావు. అలా తయారైన కెర్నెల్ లేచి, తన ఫైళ్ళున్న డిస్కును చూడలేక, 'పానిక్' అని రాసి ఆగిపోతుంది. డిస్కు చెడలేదు, తీగ ఊడలేదు; జవాబు మాత్రమే తప్పింది.

అందువల్ల కొత్త కెర్నెల్ సరిగా నడిచేదాకా పాతదాన్ని చెరపరు. యంత్రం మొదలయ్యే పట్టికలో రెండూ ఉంటే, కొత్తది మొరాయించినప్పుడు పాతదానితో లేపి తప్పు దిద్దుకోవచ్చు. రెండు జవాబు ఫైళ్ళలో తేడాలు చూపే 'డిఫ్‌కాన్ఫిగ్' అనే చిన్న సాధనం కూడా మూలపాఠంతోనే వస్తుంది. మాయమైన పేర్ల మీద ఓసారి కన్ను వేయడానికి ఇదే సులువైన దారి.

మీ బడిలో లినక్స్ కంప్యూటరు ఉంటే, మీ మాస్టారిని అడిగి 'బూట్' అనే ఫోల్డరు తెరవండి. చాలా యంత్రాల్లో కాన్ఫిగ్ అనే మాటతో మొదలై కెర్నెల్ సంఖ్యతో ముగిసే ఫైలు ఉంటుంది. ఏమీ మార్చకుండా చదవండి. అందులో సాటా అన్న మాట ఎక్కడుందో, దాని పక్కన వై ఉందో ఎమ్ ఉందో చూడండి.