పన్ను తీశాక నొప్పి తగ్గట్లేదా? మీ రక్తంతోనే గాయానికి ‘ప్యాచ్’.. పీఆర్‌ఎఫ్ అంటే ఏంటి?

పన్ను పీకించుకుంటే బాధ తీరిపోతుందనుకుంటాం. కానీ కొందరికి అసలు నొప్పి రెండు, మూడు రోజుల తర్వాతే మొదలవుతుంది. చెవి దాకా గుంజుతుంది, నోరు వాసన వస్తుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు.

ఎందుకొస్తుంది?
పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి ఎముకను కప్పేస్తుంది. ఆ గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. కింది దవడలో జ్ఞానదంతం తీసినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు మరింత ఎక్కువ.

పీఆర్‌ఎఫ్ ఎలా చేస్తారు?
ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ జోసెఫ్ షుక్రూన్ 2001లో ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. పేషెంట్ చేతి నుంచి సుమారు 10 ఎంఎల్ రక్తం తీస్తారు. అందులో ఏ మందూ కలపకుండా వెంటనే మెషీన్‌లో గిర్రున తిప్పుతారు. పది, పన్నెండు నిమిషాల్లో మధ్యలో జెల్లీ లాంటి పొర తయారవుతుంది. దాన్ని గుంతలో పెట్టి కుట్లు వేస్తారు. సొంత రక్తమే కాబట్టి శరీరం తిరస్కరించే భయం ఉండదు. నొప్పి, డ్రై సాకెట్ ముప్పు తగ్గుతున్నట్లు పలు అధ్యయనాల్లో తేలింది. అయితే ఎముక త్వరగా పెరుగుతుందా అనే విషయంలో ఫలితాలు ఒకేలా లేవు.

ముక్కులోంచి నీళ్లొస్తే?
పై దవడ పళ్లు తీసినప్పుడు ఒక్కోసారి సైనస్‌కు రంధ్రం పడుతుంది. పుక్కిలిస్తే నీళ్లు ముక్కులోంచి వస్తాయి. రెండు మిల్లీమీటర్లలోపు రంధ్రం సాధారణంగా దానంతటదే మూసుకుంటుంది. పెద్దదైతే కొలాజెన్, పీఆర్‌ఎఫ్ లేదా చెంపలోని కొవ్వు కణజాలంతో మూస్తారు. అప్పటిదాకా ముక్కు గట్టిగా చీదకూడదు.

బోన్ గ్రాఫ్ట్ అందరికీ అవసరమా?
కాదు. పన్ను తీశాక ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుంది. ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకునేవాళ్లకు గ్రాఫ్ట్ పనికొస్తుంది. కొన్ని రకాలను పశువుల ఎముక నుంచి తయారు చేస్తారు. అభ్యంతరం ఉంటే ముందే డాక్టర్‌ను అడగాలి. చీము ఉంటే మొదట దాన్ని శుభ్రం చేయాల్సిందే.

నల్గొండ, పాలమూరులో..
ఫ్లోరైడ్ పీడిత ఉమ్మడి నల్గొండ జిల్లాలో గార పళ్లు కొత్త కాదు. కానీ మరకలున్నాయని పన్ను తీయించుకోవాల్సిన పని లేదు. తీయక తప్పనప్పుడు షుగర్, బీపీ, ఎముకల బలానికి వాడే మందుల గురించి ముందే చెప్పాలి. నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలో డెంటల్ కాలేజీలున్నాయి. జటిలమైన కేసులను అక్కడి ఓరల్ సర్జరీ విభాగంలో చూపించుకోవచ్చు.

ఇవి మర్చిపోవద్దు
24 గంటలు గట్టిగా పుక్కిలించొద్దు. స్ట్రాతో తాగొద్దు. బీడీ, గుట్కా ముట్టొద్దు. గుంతలో లవంగం, తంబాకు కుక్కొద్దు. మూడో రోజు నొప్పి పెరిగితే మెడికల్ షాపు గోళీలతో నెట్టుకురాకుండా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలి. జ్వరం, వాపు ఉన్నా, నోరు తెరవలేకపోయినా ఆలస్యం చేస్తే ప్రమాదమే.