చేగోడీ దారా? జంతిక దారా?

వంటింటి పేరు పెట్టి ఈవిడ రోడ్డు సంగతి రాస్తోందేమిటి అనుకోకండి. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మీ ఇంట్లో బండి నడిపే ఆడపిల్ల ఉంటే మాత్రం తప్పకుండా చదవండి.

మాది గరివిడి. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పక్కనే ఉంటుంది. మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వల్ల పేరు తెచ్చుకున్న ఊరు కాబట్టి లారీలు మాకు కొత్తేం కాదు. కానీ రోడ్డు మీద గీతలు చూసుకుని నడిచే అవసరం మాకెప్పుడూ రాలేదు. ఆవు పడుకుంటే ఆగుతాం, లేస్తే కదులుతాం. అంతే మా ట్రాఫిక్కు.

మా అమ్మాయికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉంటూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్ళొస్తుంది. సంక్రాంతి వెళ్ళాక ఓ శనివారం సున్నుండల డబ్బా పట్టుకుని రైలెక్కి దాన్ని చూడ్డానికి వెళ్ళాను. స్టేషనుకొచ్చి నన్ను బండి మీద ఎక్కించుకుంది. కొంతదూరం వెళ్ళాక పెద్ద చక్రం కూడలి వచ్చింది. నడుమ గుండ్రంగా గట్టు, చుట్టూ రెండు వరుసల దారి, నాలుగు వైపుల నుంచీ రోడ్లు. పేరెందుకు లెండి, ఒక కూడలి.

మేము తిన్నగా వెళ్ళాలి. అమ్మాయి ఎడమ వరుసలో ఉంది. లోపలి వరుసలో, మా కుడిపక్కన లారీ. చక్రంలో సగం తిరిగామో లేదో ఆ లారీ మా మీదుగా ఎడమకి తిరిగింది. అమ్మాయి బ్రేకు వేసింది. బండి ఒరిగింది. అద్దం పగిలింది, దాని మోకాలు గీరుకుపోయింది, సున్నుండలు రోడ్డంతా దొర్లాయి. లారీ వెనక చక్రం మా డబ్బా మూత మీద నుంచి వెళ్ళింది. మూత స్థానంలో మా అమ్మాయి చెయ్యి ఉండి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ రాత్రిళ్ళు నన్ను లేపుతుంది.

లారీ డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. మా శ్రీకాకుళం వైపు మనిషే. "ఏటమ్మా, ఎడంపక్క పట్టుకున్నోలు ఎడంకి పోవాల గాని ఇలాగ తిన్నగెలిపోతారేటి?" అన్నాడు. "నా వరుసలో తిన్నగా వెళ్ళే బాణం కూడా ఉందండీ, చూడండి" అంది మా అమ్మాయి. ముగ్గురం రోడ్డు కేసి చూశాం. దాని వరుసలో తిన్నగా బాణం ఉన్నమాట నిజమే. లారీ వరుసలోనూ బాణం ఉంది, దాని కింద పాతబాణం ఇంకొకటి కనబడుతోంది. ఎప్పుడో వేసింది, సగం చెరిగింది. ముందు రోజు ముగ్గు కడగకుండా దాని మీదే కొత్తముగ్గు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ లారీ అబ్బాయి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "నాకూ పిల్లలున్నారమ్మా" అన్నాడు. అతని మీద కోపం రాలేదు నాకు. ఎవరి గుర్తు ప్రకారం వాళ్ళు సరిగ్గానే వచ్చారు. అయినా ఇద్దరూ గుద్దుకోబోయారు. మరి తప్పు ఎక్కడుంది?

ఇంటికొచ్చి చెబితే మావారు "బండి అమ్మేసి బస్సులో తిరగమను" అన్నారు. అత్తయ్యగారు "ఆడపిల్లకి ఆ ఊరెందుకే, ఇంటికొచ్చీమను" అన్నారు. అమ్మాయి నిజంగానే వారం రోజులు స్కూటీ ముట్టలేదు. బస్సులైతే రెండు మారాలి. రాత్రి డ్యూటీ నాడు ఆ బస్సూ ఉండదు. అలా అయితే ఉద్యోగం మానుకోవడమే. నాలుగు గీతల కోసం ఆడపిల్ల ఉద్యోగం మానుకోవాలా? మీరే చెప్పండి.

నేను చదివింది ఇంటర్మీడియెట్టే. అయినా ఈ చక్రాల సంగతి తేల్చుకోవాలని పట్టుబట్టాను. మా పక్కవీధిలో డ్రైవింగు నేర్పే తమ్ముడిని అడిగాను. ఇంగ్లండులో ఉన్న మా అక్క కొడుకుని ఫోన్లో అడిగాను. వాడు నవ్వి, "పిన్నీ, చక్రం దగ్గర తప్పు వరుసలోకి వెళ్ళి నేను మొదటిసారి డ్రైవింగు పరీక్షే తప్పాను" అన్నాడు. ప్రాణం కాస్త కుదుటపడింది. మనమొక్కరమే తికమక పడటం లేదన్నమాట.

అసలు ఈ చక్రం కూడళ్ళు నూరేళ్ళ పైనాటివి. అమెరికాలోని న్యూయార్కులో 1905లో, ఫ్రాన్సులోని ప్యారిస్‌లో 1907లో బళ్ళని ఒకేవైపు గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టారు. అయితే చాలాకాలం లోపల తిరిగేవాళ్ళూ, బయటి నుంచి వచ్చేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుని, చక్రాలు బిగుసుకుపోయేవి. 1966లో ఇంగ్లండులో ఒక నియమం పెట్టారు. లోపల తిరుగుతున్న బండిదే హక్కు, లోపలికి వచ్చేవాళ్ళే ఆగాలి. దాంతో చిక్కు విడిపోయింది. మన దేశంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. మనలో ఎంతమందికి తెలుసు? హారను కొట్టినవాడిదే దారి అనుకుంటున్నాం.

చక్రం మంచిదా చెడ్డదా అంటే మంచిదే. అమెరికాలో 24 కూడళ్ళని చక్రాలుగా మార్చాక ఏం జరిగిందో లెక్కగట్టి 2001లో చెప్పారు. మొత్తం ప్రమాదాలు 38 శాతం, మనుషులకి గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయట. అందరూ నెమ్మదిగా వస్తారు, ఎదురెదురుగా గుద్దుకోరు. అందుకే ఆ దేశంలో ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ అనే ఒక్క ఊళ్ళోనే 150కి పైగా చక్రాలు కట్టుకున్నారు. మన విశాఖలో ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దగ్గర పైవంతెన మీదే చక్రం కట్టారు కదా. గాజువాక, గోపాలపట్నం, మర్రిపాలెం వైపు వెళ్ళేవాళ్ళందరికీ అది తెలిసిందే. మా సంగతి జరిగింది అక్కడ కాదు లెండి.

ఒక వరుస చక్రంలో తికమక లేదు. రెండు, మూడు వరుసలయ్యేసరికే వస్తుంది అసలు చిక్కు. ఇక్కడే నాకు వంటిల్లు గుర్తొచ్చింది.

చేగోడీలు చూడండి. చిన్న చేగోడీని పెద్ద చేగోడీలో పెట్టండి. చాలా కూడళ్ళలో గీతలు అలాగే ఒకదాని చుట్టూ ఒకటి వేస్తారు. లోపలి వరుసలో ఉన్నవాడు గీత దాటకుండా నడిస్తే సాయంత్రం దాకా అక్కడే తిరుగుతాడు. బయటికి రావాలంటే పక్కవరుసని కోసుకుంటూ రావాల్సిందే. మమ్మల్ని లారీ అలాగే కోసింది.

ఇప్పుడు జంతిక చుట్టు చూడండి. నడిమి నుంచి వేలు పెట్టి పిండిపోగు వెంట వెళితే దానంతట అదే బయటికి తీసుకొస్తుంది. ఎవరి పోగూ దాటక్కర్లేదు. కొన్ని దేశాల్లో గీతలు ఇలా జంతిక చుట్టులా వేస్తారు. ముందే సరైన వరుస పట్టుకుంటే ఆ గీతే మనల్ని మన రోడ్డులోకి దింపుతుంది. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం ఇంజినీరు ఫోర్టైన్ 1996లో ఇంకో అడుగు ముందుకు వేశారు. రంగుగీత చాలదని వరుసల మధ్య చిన్న గట్టే పెట్టే పద్ధతి ఆలోచించారు. ఎవరూ మధ్యలో వరుస మారే వీలే లేదు.

రంగు విషయం కూడా తెలుసుకోండి. రోడ్డు మీద మందంగా కనిపించే తెల్లగీత మామూలు సున్నం కాదు. ప్లాస్టిక్కు లాంటి పదార్థాన్ని సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగించి పోస్తారు. రాత్రి దీపాలకి మెరవడానికి దాని మీద సన్నని గాజుపూసలు చల్లుతారు. లారీ చక్రాల కింద అది అరిగిపోతుంది. అరిగినప్పుడు పాతది పూర్తిగా గీకి తీసేసి కొత్తది వెయ్యాలి. గీకకుండా వేస్తే ఏమవుతుందో మేము చూశాం.

బాణం కూడా కూడలి మొదట్లోనే వేస్తే లాభం లేదు. అక్కడ బళ్ళు ఆగి ఉంటాయి, గుర్తు వాటి కిందకి పోతుంది. చాలాముందే ఒకసారి, మళ్ళీ ఒకసారి వెయ్యాలి. పైన బోర్డూ ఉండాలి. అక్షరం రాని డ్రైవరుకి కూడా అర్థమయ్యేలా బొమ్మ ఉండాలి.

గీతలు బాగుపడేదాకా మనం ఊరుకోలేం కదా. అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు వాకిట్లో ముగ్గుతో పెద్ద చక్రం వేశాను. వంకాయ లారీ, నిమ్మకాయ స్కూటీ, అగ్గిపెట్టె సిటీ బస్సు. అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని "ఆ వంకాయ ఎటెల్తాదే?" అని అడగడం మొదలుపెట్టారు. అసలు ప్రశ్న అదే! విజయనగరంలో సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర ఎంత జనం ఉన్నా, మాను ఎటు వెళుతుందో అందరికీ తెలుసు కాబట్టి దారి విడిపోతుంది. చక్రంలోనూ అంతే. ఎవరెటు వెళ్ళేదీ పక్కవాడికి తెలియాలి.

ఆ ముగ్గు మీద మేము తేల్చుకున్నవి ఇవి. కత్తిరించి పెట్టుకోండి.

1. మన దేశంలో చక్రాన్ని గుడి ప్రదక్షిణలా తిరగాలి. గట్టు మన కుడిచేతి పక్కన ఉండాలి. కుడివైపు వెళ్ళాలని అడ్డదారిలో ఎదురు తిరగకండి. అమెరికా వెళ్ళే పిల్లలకి మాత్రం అక్కడ ఇది తలకిందులని చెప్పండి.

2. వరుస కూడలిలో కాదు, ముందే పట్టుకోవాలి. ఎడమ రోడ్డుకైతే ఎడమ వరుస. కుడివైపుకి గానీ వెనక్కి గానీ అయితే లోపలి వరుస. తిన్నగా వెళ్ళడానికి అక్కడి బాణం ఏం చెబితే అది.

3. లోపలికి వెళ్ళేముందు కుడివైపు చూసి ఆగండి. లోపల తిరిగేవాళ్ళదే దారి.

4. మన రోడ్డుకి ముందున్న రోడ్డు దాటగానే ఎడమ దీపం వెయ్యండి. అంతకుముందు వేస్తే పక్కవాడు మోసపోతాడు.

5. లారీ, బస్సు పక్కన సమంగా నడవకండి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమపక్క దగ్గరగా ఉన్న స్కూటీ అతనికి కనబడదు. ముందైనా ఉండండి, వెనకైనా ఉండండి.

6. రోడ్డు తప్పిపోతే ఉన్నపళంగా కోసుకుని వెళ్ళకండి. ఇంకో చుట్టు తిరిగి రండి. పదినిమిషాలు ఆలస్యమైతే ఎవరూ ఉరి తియ్యరు.

తరువాతి ఆదివారం నేనూ విశాఖ వెళ్ళాను. తెల్లవారుజామున బళ్ళు లేని వేళ అదే కూడలిలో నన్ను వెనక కూర్చోబెట్టుకుని అమ్మాయి మూడుసార్లు తిరిగింది. మొదటిసారి దాని భుజాలు వణకడం నాకు తెలిసింది. మూడోసారి వణకలేదు. నేను దిగి గట్టున నిలబడ్డాను. ఒక్కత్తే తిరిగొచ్చి నా ముందు ఆగి, "అమ్మా, నిమ్మకాయ వచ్చేసింది" అని నవ్వింది.

ఆ గీతల ఫోటోలు తీసి, ఏ బాణం మీద ఏ బాణం ఉందో రాసి, సంబంధిత అధికారులకి అర్జీ ఇచ్చాం. మీ ఊళ్ళోనూ అలాంటి కూడలి ఉంటే మీరూ ఇవ్వండి. నలుగురు ఆడవాళ్ళు కలిసి సంతకాలు పెడితే కాగితానికి బరువు ఉంటుంది. నేను ఇది రాసేనాటికి మా కూడలిలో కొత్తరంగు పడలేదు. పడేదాకా మా అమ్మాయి ఏ లారీ పక్కనా నడవదు. ఉద్యోగం మాత్రం మానలేదు.

ఈసారి సున్నుండలు స్టీలు డబ్బాలో పంపించాను.