డిండోలిలో అద్దె గది: అడ్వాన్స్ ఇచ్చే ముందే విద్యార్థులు తెలుసుకోవలసిన విషయాలు

సూరత్: గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఉధనా, లింబాయత్‌లకు చేరువలో ఉన్న డిండోలి ప్రధానంగా వలస కుటుంబాల నివాస ప్రాంతం. మరమగ్గాలపైన, వస్త్ర మార్కెట్లలోను పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగువారు, ముఖ్యంగా పద్మశాలీలు, ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నిర్వహించడం అందుకు నిదర్శనం. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలోను, ఇతర కళాశాలల్లోను చేరి, వసతిగృహంలో చోటు దొరకని విద్యార్థులు తమవారు ఉన్నారన్న భరోసాతో ఇటువంటి ప్రాంతాల్లో గది వెదుక్కోవడం సహజం.

అక్కడి నుంచే చిక్కులు మొదలవుతాయి. అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోవడం, పరీక్షల ముందు గది ఖాళీ చేయమనడం, గొడవ రాగానే కరెంటు ఆపివేయడం అద్దె విద్యార్థులకు ఎదురయ్యే సాధారణ ఇబ్బందులు. వీటిలో ప్రతిదానికీ చట్టంలో సమాధానం ఉంది. అయితే ఆ సమాధానం అక్కరకు రావాలంటే గదిలో దిగిన మొదటి రోజే తగిన కాగితాలు చేతిలో ఉండాలి.

డబ్బు ఎవరి చేతికి?

గది చూపించే వ్యక్తి, అద్దె వసూలు చేసే వ్యక్తి, ఇంటి యజమాని వేర్వేరు వ్యక్తులు కావచ్చు. దలాల్‌కో, భవనం చూసుకునే మేనేజరుకో నగదుగా అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోకపోతే, తరువాత ‘నాకు ముట్టలేదు’ అని యజమాని అంటే విద్యార్థి వద్ద రుజువు ఉండదు. యజమాని పేరు ఆస్తి పన్ను బిల్లుపైన గాని, కరెంటు బిల్లుపైన గాని ఉన్నదో లేదో సరిచూసుకోవాలి. సొమ్మును యజమాని బ్యాంకు ఖాతాకే పంపాలి. మేనేజరే వసూలు చేస్తానంటే, అందుకు యజమాని ఇచ్చిన రాతపూర్వక అనుమతి అడగాలి.

గుజరాత్‌లో అద్దె ఒప్పందాన్ని ‘భాడా కరార్’ అంటారు. అది గుజరాతీలో రాసి ఉంటే, ఆ లిపి తెలియని విద్యార్థి ఎవరైనా చదివి వినిపించిన మాటనే నమ్మి సంతకం చేయవలసి వస్తుంది. ఇంగ్లిషులో గాని, హిందీలో గాని రాయించమని కోరవచ్చు. లేదా గుజరాతీ చదవగల తెలుగు కుటుంబాల సాయం తీసుకోవచ్చు. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం చెల్లదు. కనుక అటువంటి విద్యార్థుల తరఫున తల్లిదండ్రులో, సంరక్షకులో సంతకం చేయాలి.

పదకొండు నెలలే ఎందుకు?

ఏడాదికి మించిన కాలానికి చేసే లీజును రిజిస్టర్ చేయించడం రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం తప్పనిసరి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకునేందుకే దేశమంతటా 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. వీటిలో కొన్ని ‘లీవ్ అండ్ లైసెన్స్’ పేరిట ఉంటాయి. అంటే ఉండేందుకు అనుమతే తప్ప అద్దెదారు హక్కులు సంక్రమించవని దాని భావం. వివాదం వస్తే న్యాయస్థానాలు పేరును మాత్రమే కాక, గది నిజంగా ఎవరి స్వాధీనంలో ఉన్నదనే అంశాన్నీ పరిశీలిస్తాయి.

ఒప్పందంలో నెల అద్దె, అడ్వాన్స్ మొత్తం, దానిని తిరిగి ఇచ్చే గడువు, ముందస్తు నోటీసు కాలం, కరెంటు యూనిట్ ధర, మరమ్మతుల బాధ్యత స్పష్టంగా ఉండాలి. ఈ జాబితాలో ఏది లోపించినా రేపటి తగాదాకు అదే కారణమవుతుంది.

అద్దెకు దిగినవారి వివరాలను యజమానులు పోలీసులకు తెలియజేయాలని సూరత్ పోలీసు కమిషనర్ ఎప్పటికప్పుడు ప్రకటనలు జారీ చేస్తుంటారు. గుజరాత్ పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఇందుకు సౌకర్యం ఉంది. ఈ నమోదు భద్రత కోసం ఉద్దేశించినదే అయినా, విద్యార్థి ఆ చిరునామాలో ఉంటున్నాడనేందుకు ఆధారంగానూ ఉపయోగపడుతుంది.

గది ఎంచుకునేటప్పుడు అద్దెతో పాటు మెట్ల దారినీ చూడాలి. 2019 మే 24న ఇదే నగరంలోని సర్థానాలో తక్షశిల భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 22 మంది ప్రాణాలు కోల్పోయారు. పై అంతస్తులోని కోచింగ్ కేంద్రంలో చిక్కుకున్న విద్యార్థులు కిందికి దూకవలసి వచ్చింది. మేడపై రేకులతో వేసిన గదులు, సామాన్లతో మూసుకుపోయిన మెట్లు ఉన్నచోట అద్దె తక్కువైనా దిగకపోవడమే మేలు.

కరెంటు, నీళ్లు ఆపితే

గుజరాత్‌లో అమలులో ఉన్న అద్దె నియంత్రణ చట్టం మూలం 1947 నాటి బొంబాయి చట్టం. తగిన కారణం లేకుండా నీరు, విద్యుత్తు వంటి అత్యవసర సదుపాయాలను యజమాని నిలిపివేయరాదని, అద్దె చెల్లిస్తే రసీదు ఇవ్వాలని అది చెబుతోంది. 2001లో చేసిన సవరణతో కొత్త కట్టడాలకు దీని నుంచి మినహాయింపులు లభించాయి. డిండోలి వంటి పెరుగుతున్న ప్రాంతంలో కొత్త భవనాలు ఎక్కువ కనుక, ఒప్పందంలోనే ఈ హామీలను రాయించుకోవడం అవసరం.

మరమ్మతుల విషయంలో ఆస్తి బదిలీ చట్టం, 1882 తోడ్పడుతుంది. యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి, ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఇందుకు విరుద్ధమైన షరతు ఉండకూడదు. ఫిర్యాదును నోటిమాటగా కాక వాట్సాప్‌లోనో, ఈమెయిల్‌లోనో పంపితే తేదీతో సహా రుజువు మిగులుతుంది.

హఠాత్తుగా ఖాళీ చేయమంటే

నెలవారీ అద్దెకు ఉన్నవారికి, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలన్నది అదే చట్టంలోని నియమం. నోటీసు గడువు ముగిసినా యజమాని బలవంతంగా సామాను బయట పడేయరాదు. న్యాయస్థానాన్నే ఆశ్రయించాలి. చట్టవిరుద్ధంగా స్వాధీనం కోల్పోయిన వ్యక్తి ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చని నిర్దిష్ట పరిహార చట్టం, 1963 చెబుతోంది. తాళం మార్చి బెదిరించే పరిస్థితి వస్తే వెంటనే 112కు ఫోన్ చేయాలి.

అడ్వాన్స్‌లో కోత

గోడలకు రంగులు, శుభ్రత ఖర్చుల పేరిట అడ్వాన్స్ మొత్తం మినహాయించుకోవడం తరచు వివాదాస్పదమవుతుంది. సహజమైన వాడకం వల్ల కలిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. దిగిన రోజున, వెళ్లే రోజున గదిని, మీటరు రీడింగును వీడియో తీసి యజమానికి పంపడం అన్నిటికన్నా చౌకైన రక్షణ.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్స్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. లోపలికి వచ్చే 24 గంటల ముందు యజమాని తెలియజేయాలని కూడా పేర్కొంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలులోకి వస్తుంది. అయినా బేరమాడేటప్పుడు ప్రమాణంగా చూపడానికి పనికివస్తుంది.

ఎవరిని ఆశ్రయించాలి?

భోజనం, శుభ్రత వంటి సేవలతో నడిచే హాస్టల్ లేదా పీజీ విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గాని, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గాని ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే కమిషన్‌లో రుసుము లేదు. ఇల్లు మాత్రమే అద్దెకు తీసుకుంటే వివాదం సివిల్ న్యాయస్థానం పరిధిలోకి వస్తుంది. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేనివారికి న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

ఇవేవీ అవసరం రాకుండా ముగిసే అద్దెలే ఎక్కువ. కానీ మగ్గంపై పనిచేసి తండ్రి కూడబెట్టిన సొమ్మును అడ్వాన్స్‌గా పెట్టే విద్యార్థికి, ఒక రసీదు, ఒక ఒప్పందం ప్రతి, కొన్ని ఫోటోలు భద్రపరచుకోవడం భారం కాదు. కష్టం వచ్చిన నాడు వాటి ఆధారంగానే ఆ సొమ్మును తిరిగి అడగగలుగుతారు.